ఒక పోగు, రెండు పొరలు: హాలో ఫైబర్ మెంబ్రేన్ల మీద తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండ, మహబూబ్‌నగర్ కాలేజీల నుంచి ఎమ్మెస్సీ కెమిస్ట్రీ, ఫార్మసీ, బయోటెక్ పిల్లలు ప్రాజెక్టు పనికి మా ల్యాబ్‌కు వస్తుంటారు. ప్రతి బ్యాచూ అవే డౌట్లు అడుగుతుంది. మునుగోడు దగ్గర మా ఊరికి పోతేనేమో డయాలసిస్ రోగుల ఇళ్లవాళ్లు ఇంకో రకం ప్రశ్నలతో కూర్చోబెడతారు. చెప్పిందే చెప్పి గొంతు పోతోంది కాబట్టి అన్నీ ఇక్కడ రాసిపెట్టాను. పని నడిచే వరుసలోనే ఉన్నాయి గానీ వరుసగా చదవనక్కర్లేదు.

## మొదలుపెట్టే ముందు

హాలో ఫైబర్ అంటే ఏంది సార్? పైపా, దారమా?

రెండూ. చూడ్డానికి తెల్ల నూలు పోగులా ఉంటుంది, మధ్యలో బోలు. డయాలసిస్ ఫిల్టర్‌లో వాడే పోగుకు లోపలి బోలు వ్యాసం సుమారు 200 మైక్రాన్లు, గోడ మందం 30 నుంచి 40 మైక్రాన్లు. ఆ గోడ నిండా కంటికి కనిపించని రంధ్రాలు. ఇలా వడగట్టే రంధ్రాల గోడనే మెంబ్రేన్ అంటాం. బోలులో రక్తం పోతుంది, బయట డయాలసిస్ ద్రవం ఎదురు పారుతుంది, చెత్త గోడ దాటి అవతలికి పోతుంది.

ఇంత సన్నగా ఎందుకో ఒక లెక్క చూస్తే తెలుస్తుంది. 25 సెంటీమీటర్ల పోగులు 10,000 కట్టగడితే మొత్తం పొడవు రెండున్నర కిలోమీటర్లు, లోపలి గోడల వైశాల్యం సుమారు 1.57 చదరపు మీటర్లు. ఒక చిన్న చాప పరిచినంత ఉపరితలం మోచేతి పొడవు కూడా లేని గొట్టంలో ఇమిడిపోతుంది.

ఫిల్టర్లు ఉన్నయి గదా, మళ్ల ఈ రెండు పొరల లొల్లి ఎందుకు?

అన్నిటికంటే ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. ఒకే గోడతో ఒకదానికొకటి పొసగని పనులు చేయించలేం కాబట్టి. రక్తం తగిలే వైపు ఏదీ అంటుకోకూడదు. ప్రోటీన్లు అంటుకుంటే రంధ్రాలు పూడుకుపోతాయి, రక్తం గడ్డకడుతుంది. పోగు మీద కిడ్నీ కణాలు కూడా పెంచుతాం (ఎందుకో చివర్లో చెబుతాను), ఆ వైపు మాత్రం అవి గట్టిగా పట్టుకుని కూర్చోవాలి. జారుడుబండ, గరుకు నేల రెండూ ఒకే ముఖంలో రావు.

ఇంకో కారణం విషాల తీరు. యూరియా అణుభారం 60, క్రియాటినిన్ 113. ఇవి ఏ ఫిల్టర్‌లోనైనా సులువుగా దాటిపోతాయి. ఇండాక్సిల్ సల్ఫేట్, పారా-క్రెసిల్ సల్ఫేట్ కూడా చిన్నవే గానీ 66,000 అణుభారం ఉన్న అల్బుమిన్ అనే రక్తపు ప్రోటీన్‌ను కరుచుకుని తిరుగుతాయి. రంధ్రం పెంచి వాటిని తీయబోతే అల్బుమిన్ కూడా పోతుంది, రోగి నీరసించిపోతాడు. యాక్టివేటెడ్ కార్బన్ పెడితే అది ఆ విషాలను లాక్కుంటుంది. అయితే కార్బన్ పొడి నేరుగా రక్తానికి తగలకూడదు. అందుకని లోపల నున్నటి పొర, బయట కార్బన్ నింపిన పొర. నెదర్లాండ్స్‌లోని ట్వెంటే విశ్వవిద్యాలయంలో దిమిత్రియోస్ స్టమాటియాలిస్ బృందం చేసిన మిక్స్‌డ్ మ్యాట్రిక్స్ (పాలిమర్‌లో కార్బన్ కలిపిన) ఫైబర్ల వెనక ఉన్న ఆలోచన ఇదే.

ఏ పాలిమర్ తీసుకోవాలి?

మొదటిసారైతే పాలీఈథర్‌సల్ఫోన్, అంటే పీఈఎస్. తేలిగ్గా కరుగుతుంది, ఆటోక్లేవ్ (ఆవిరితో క్రిములను చంపే యంత్రం) వేడికి తట్టుకుంటుంది, డయాలసిస్‌లో ఏళ్ల తరబడి వాడుతున్నదే. దానికి నీళ్లంటే పడదు కాబట్టి పాలీవినైల్ పైరోలిడోన్, అంటే పీవీపీ కలుపుతాం. కొత్త పాలిమర్ కనిపెట్టాలన్న సరదా ఉంటే పీహెచ్‌డీలో తీర్చుకోండి, ఆరు నెలల ప్రాజెక్టులో వద్దు.

మా ఊర్ల ఆర్ఓ ప్లాంట్‌లో ఉండేది కూడా ఇదే కదన్నా?

చుట్టరికం ఉంది గానీ ఇదే కాదు. ఆర్ఓ మెంబ్రేన్ చుట్ట చుట్టిన చదును షీటు. పైన పలచని పాలీఅమైడ్ పొర, దాని కింద ఆసరాగా రంధ్రాల పాలీసల్ఫోన్ పొర. అంటే అది కూడా పొరల పనే. ఇంట్లో ప్యూరిఫయర్‌కు 'యూఎఫ్' (అల్ట్రాఫిల్ట్రేషన్) అని రాసున్న కార్ట్రిడ్జ్ ఉంటే, పాడైనప్పుడు పారేయకుండా అడ్డంగా కోసి చూడండి. లోపల కనిపించే తెల్ల పోగుల కట్టే హాలో ఫైబర్. అయితే యూఎఫ్ ఫ్లోరైడ్‌ను ఆపలేదు. ఆ రంధ్రాలకు ఫ్లోరైడ్ అయాన్ అంటే బండి పోయే తొవ్వలో చీమ లాంటిది.

## ద్రావణం కలిపేటప్పుడు

కొలతలు చెప్పండి సార్, ఎంతెంత వేయాలి?

బరువులో పీఈఎస్ 15 నుంచి 20 శాతం, పీవీపీ 5 నుంచి 10 శాతం, మిగతాది ఎన్ఎంపీ అనే ద్రావణి. ఈ పరిధిలో మొదలుపెట్టండి. పీఈఎస్ పెంచితే గోడ గట్టిపడుతుంది, రంధ్రాలు తగ్గుతాయి. పీవీపీలో కె30 రకం చిన్న గొలుసులది, కడిగితే ఎక్కువగా పోతుంది. కె90 పెద్ద గొలుసులది, గోడలోనే చిక్కుకుని ఎక్కువ మిగులుతుంది, ద్రావణాన్ని బాగా చిక్కబరుస్తుంది కూడా.

పాలిమర్‌ను ముందురోజు రాత్రి ఓవెన్‌లో ఆరబెట్టడం మరవొద్దు. వానాకాలంలో డబ్బా మూత తీసి పెట్టారంటే పీవీపీ తేమ పీల్చి ముద్దవుతుంది. ఆ నీళ్లు ద్రావణంలో చేరితే మీ కొలతలన్నీ అబద్ధమవుతాయి.

ద్రావణం సరిగ్గ వచ్చిందని ఎట్ల తెలుస్తది?

విస్కోమీటర్ ఉంటే సరే. లేకపోతే బెల్లం పాకం చూసే కన్నే చాలు. కడ్డీ ముంచి ఎత్తితే తీగపాకంలా తెగకుండా జారాలి. చుక్కలు చుక్కలుగా తెగుతుంటే పలచన, పోగు నిలవదు. ఎత్తితే ముద్దగా వేలాడుతుంటే పంపు మొరాయిస్తుంది. ఆ తర్వాత సన్నని స్టీలు జాలీలో వడగట్టి, ఒక రాత్రంతా కదపకుండా ఉంచి బుడగలు పోనివ్వాలి. ఒక్క బుడగ చాలు పోగుకు చిల్లు పడటానికి. "మధ్యాహ్నం కలిపి సాయంత్రం తీద్దాం" అనే ప్లాను నాకు ఒక్కసారి కూడా పనిచేయలేదు.

కార్బన్ కలిపితే గడ్డలు కడుతోంది.

పాలిమర్ పూర్తిగా కరిగాక కార్బన్ వేస్తున్నారేమో. చిక్కటి అంబలిలో పొడి పిండి వేస్తే ఏమవుతుంది? అదే ఇక్కడా అవుతుంది. ముందు కార్బన్‌ను సన్నగా నూరి, జల్లించి, ఎన్ఎంపీలో కలిపి బాగా చెదరగొట్టండి. తర్వాత పాలిమర్‌ను విడతలుగా వేయండి. స్పిన్నరెట్ (పోగు బయటికొచ్చే మూతి) సందు కంటే కణిక బాగా చిన్నదిగా లేకపోతే మధ్యలో అడ్డం పడుతుంది.

ఎన్ఎంపీకి పెద్దగ వాసనే రాదు, గ్లోవ్స్ లేకుండ ముట్టుకుంటే ఏమైతది?

వాసన రాకపోవడమే దానితో ప్రమాదం. చర్మం గుండా లోపలికి పోతుంది, గర్భంలోని పిండానికి హాని చేసే రసాయనంగా ఐరోపా సమాఖ్య దాన్ని వర్గీకరించింది. మామూలు పలచటి నైట్రైల్ గ్లోవ్స్ ఎక్కువసేపు ఆపలేవు, బ్యూటైల్ రబ్బరువి కావాలి. ఫ్యూమ్ హుడ్‌లోనే కలపండి. గర్భిణులు ఈ పనికి దూరంగా ఉండాలి. పోగు గడ్డకట్టే తొట్టిలో మిగిలిన నీళ్లలోనూ ఎన్ఎంపీ ఉంటుంది, వాటిని క్యాన్లలో పట్టి వ్యర్థాలు తీసుకెళ్లేవాళ్లకే ఇవ్వండి. మూసీ నీళ్లతో వరి పండించే జిల్లావాళ్లకు డ్రైనేజీలో పోస్తే ఏమవుతుందో నేను చెప్పాలా?

## పోగు తీసేటప్పుడు

రెండు పొరలు ఒకేసారి ఎట్ల వస్తయి?

మురుకుల గిద్దెను తలుచుకోండి. మామూలు గిద్దెకు ఒకే రంధ్రం. మన స్పిన్నరెట్‌కు ఒకే కేంద్రం చుట్టూ మూడు దారులు. నడిమి సూదిలోంచి బోర్ ద్రవం (నీళ్లు, లేదా నీళ్లలో కలిపిన ఎన్ఎంపీ), దాని చుట్టూ సందులోంచి లోపలి పొర ద్రావణం, దాని చుట్టూ ఇంకో సందులోంచి బయటి పొర ద్రావణం. మూడూ కలిసి కిందికి జారి, కొంత దూరం గాలిలో (దీన్నే గాలి ఖాళీ అంటాం) ప్రయాణించి, నీళ్ల తొట్టిలో పడతాయి.

నీళ్లు తగలగానే ఎన్ఎంపీ బయటికి, నీళ్లు లోపలికి మారుతాయి. పాలిమర్‌కు నీళ్లలో కరిగే గుణం లేదు కాబట్టి అక్కడికక్కడే గడ్డకడుతుంది. నీళ్లు ముందు తగిలిన ముఖం పాల మీద మీగడలా దట్టంగా కడుతుంది, దాని వెనక భాగం స్పాంజిలా తయారవుతుంది. వడపోత అంతా ఆ మీగడదే, స్పాంజి దాన్ని మోస్తుంది అంతే. ఈ సూత్రంతో చదును మెంబ్రేన్ తీసింది లోబ్, సౌరిరాజన్ అనే ఇద్దరు, 1960 ప్రాంతంలో, కాలిఫోర్నియాలో, సముద్రపు నీళ్లను మంచినీళ్లు చేయడానికి.

మొదలుపెట్టేటప్పుడు బోర్ ద్రవం ముందు వదలండి, ద్రావణాలు తర్వాత. తిరగేస్తే చిక్కటి ద్రావణం సూదిలోకి ఎక్కుతుంది, ఇక ఆ రోజు పని ముగిసినట్టే.

రెండు పొరలూ ఊడిపోయి గొట్టంలో గొట్టంలా వస్తున్నయి. ఏం చేయాలె?

ఈ పనిలో అసలు తలనొప్పి ఇదే. దీనిమీద నా రెండేళ్లు పోయాయి. గట్టిపడేటప్పుడు ప్రతి పొరా కుంచించుకుపోతుంది. రెండూ ఒకే మోతాదులో, ఒకే వేగంతో కుంచించుకుంటే అతుక్కునే ఉంటాయి. ఒకటి ముందు బిగిసి, రెండోది తర్వాత తన దారిన ముడుచుకుంటే మధ్యలో సందు వస్తుంది. ఆ సందులో ద్రవం నిలిచిపోతుంది, ఒత్తిడి పెడితే లోపలి గొట్టం చితికిపోతుంది.

నేను చూసే వరుస చెబుతాను. ముందు రెండు ద్రావణాల్లోనూ ఒకే పాలిమర్, ఒకే ద్రావణి ఉన్నాయా? లోపల పీఈఎస్, బయట ఇంకేదో పెడితే వాటిని కలిపి ఉంచడానికి రెండింటికీ నచ్చే పీవీపీ లాంటిది రెండు వైపులా ఉండాలి. తర్వాత బోర్ ద్రవం. అందులో ఉత్త నీళ్లే ఉంటే లోపలి పొర క్షణంలో బిగిసిపోతుంది, బయటి పొర ఇంకా మెత్తగానే ఉంటుంది. బోర్ ద్రవంలో ఎన్ఎంపీ కలిపి దాని తొందర తగ్గించండి. అప్పటికీ లొంగకపోతే గాలి ఖాళీ కొంచెం పెంచండి. సరిహద్దు దగ్గర రెండు ద్రావణాల గొలుసులు ఒకదాంట్లో ఒకటి చొరబడటానికి ఆ కాస్త సమయం కావాలి. స్పిన్నరెట్ కొత్తగా చేయించుకునేవాళ్లు రెండు ద్రావణాలూ మూతి బయట కాకుండా మూతికి కొంచెం లోపలే కలిసేలా చేయించుకుంటే సగం బాధ తప్పుతుంది.

కార్బన్ పొరలో ఇంకో మెలిక ఉంది. కార్బన్ నిండిన పొర తక్కువ కుంచించుకుంటుంది, ఉత్త పాలిమర్ పొర ఎక్కువ. కాబట్టి రెండింట్లో పాలిమర్ శాతం ఒకటే ఉంచితే సరిపోదు, మార్చి మార్చి చూడాల్సిందే. నాకు ఒకసారి మూడు వారాల పాటు ఊడిన పోగులే వచ్చాయి. చివరికి చూస్తే రెండు పంపుల్లో ఒకటి చెప్పిన దానికంటే తక్కువ పోస్తోంది. ద్రావణాన్ని అనుమానించే ముందు ఒక నిమిషం పాటు పట్టి, తూచి పంపును చూసుకోండి.

డిసెంబర్‌ల మంచిగ వచ్చిన పోగు ఏప్రిల్‌ల పాడైంది. అన్నీ అవే కొలతలు!

కొలతలు అవే, నీళ్లు మాత్రం వేరు. పాలమూరు ఎండల్లో మిద్దెమీది ట్యాంకు నీళ్లు చెయ్యి పెట్టలేనంత కాగుతాయి. తొట్టి వేడెక్కితే ద్రావణి, నీళ్లు మారే వేగం మారుతుంది, రంధ్రాలు మారతాయి. గాలి ఖాళీలో తేమ కూడా లెక్కలోకి వస్తుంది. జూలైలో గాలిలోని తేమే పోగు బయటి ముఖాన్ని తొట్టిలో పడకముందే గడ్డకట్టించడం మొదలుపెడుతుంది. తొట్టి ఉష్ణోగ్రత, గదిలో తేమ ప్రతిసారీ నోటుబుక్కులో రాయండి. రాయని పోగు తీయని పోగుతో సమానం.

గోడలో వేళ్ల లాంటి ఖాళీలు కనబడుతున్నయి.

మార్పిడి మరీ వేగంగా జరిగింది. పాలిమర్ శాతం పెంచండి, లేదా బోర్ ద్రవంలో, తొట్టిలో కొంచెం ఎన్ఎంపీ కలపండి. ఆ ఖాళీలు మీగడ దాకా పొడుచుకొస్తే పోగు అక్కడే పగులుతుంది.

మధ్యల కరెంట్ పోతే?

స్పిన్నరెట్‌ను వెంటనే తొట్టి మీంచి పక్కకు తీసి, ఎన్ఎంపీతో కడిగి, ఎన్ఎంపీలోనే నానబెట్టండి. నీళ్ల ఆవిరి తగిలి మూతిలో గడ్డకడితే సూది పెట్టి పొడవకండి, నడిమి సూది వంగిపోతుంది. ఇన్వర్టర్ మీద పంపులు, చుట్టే డ్రమ్ము రెండూ ఉండాలి. పంపులు నడిచి డ్రమ్ము ఆగితే తొట్టి అడుగున సేమియా ముద్ద తేలుతుంది.

## తీసిన తర్వాత

ఎండబెట్టినంక నీళ్లు పోవడమే బందైంది.

ఆరేటప్పుడు రంధ్రాల్లోని నీళ్లు గోడలను దగ్గరికి లాగేస్తాయి, రంధ్రాలు మూసుకుంటాయి. ముందు రెండు మూడు రోజులు నీళ్లు మారుస్తూ ఎన్ఎంపీ పోయేదాకా కడగండి. తర్వాత గ్లిసరాల్ కలిపిన నీళ్లలో నానబెట్టి, అప్పుడు నీడలో ఆరబెట్టండి. గ్లిసరాల్ రంధ్రాల్లో కూర్చుని వాటిని తెరిచి ఉంచుతుంది.

లోపలి పొరలు చూడాలంటే ఎట్ల కోయాలె?

కోయకూడదు. బ్లేడుతో కోస్తే అంచు నలిగి, లేని పొరలు కనిపిస్తాయి, ఉన్నవి మాయమవుతాయి. తడి పోగును లిక్విడ్ నైట్రోజన్‌లో ముంచి, పట్టకారుతో పుటుక్కున విరవాలి. తర్వాత ఆరబెట్టి, బంగారం పూత వేయించి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పెట్టాలి. లిక్విడ్ నైట్రోజన్ దొరకదని కంగారు పడకండి. పశువుల కృత్రిమ గర్భధారణకు వీర్యం నిల్వచేసేది మైనస్ 196 డిగ్రీల ఆ ద్రవంలోనే. మా జూనియర్ ఒకడు ఊరి పశువైద్యుణ్ని బతిమాలి, ఫ్లాస్కులో పోయించుకుని పని గట్టెక్కించాడు. మూత బిగించొద్దు, పేలుతుంది.

ఏ పరీక్షలు తప్పకుండ చేయాలె?

మంచినీళ్ల ప్రవాహం, రకరకాల సైజుల డెక్‌స్ట్రాన్ (చక్కెర గొలుసుల అణువు)తో ఎంత పెద్ద అణువు దాకా దాటుతుందో చూసే పరీక్ష, పగిలే ఒత్తిడి. ఈ మూడూ లేకుండా మైక్రోస్కోప్ ఫొటోలు మాత్రమే పట్టుకొస్తే గైడ్ తిట్టడం ఖాయం.

మాది పోచంపల్లి. ఈ పోగును మగ్గం మీద నేయొచ్చా?

నవ్వులాటకు అడిగిన ప్రశ్న గానీ జవాబు అవుననే. గుండె ఆపరేషన్లప్పుడు రక్తానికి ఆక్సిజన్ ఎక్కించే యంత్రాల్లో హాలో ఫైబర్లను సన్న దారంతో చాపల్లా అల్లి, వరుసలుగా పేరుస్తారు. పోగుకూ పోగుకూ మధ్య దూరం సమానంగా ఉంటే ద్రవం అన్నిటి చుట్టూ ఒకేలా పారుతుంది. కణాలు పెంచే పరికరాల్లోనూ ఈ దూరం చాలా ముఖ్యం, ఎందుకంటే ఆక్సిజన్ కణజాలంలో 150, 200 మైక్రాన్లకు మించి చేరలేదు. మామూలు నూలును లాగినట్టు లాగితే మాత్రం బోలు మూసుకుపోతుంది. కండె చుట్టే చేతికి బిగువు ఎంతో తెలుసు కాబట్టి నేతవాళ్ల పిల్లలు ఈ పని తొందరగా పట్టుకుంటారని నా అనుభవం.

## కణాలు పెంచేటప్పుడు

పీఈఎస్ మీద కణాలు అంటుకుంటలేవు.

అంటుకోవు. కిడ్నీ నాళిక కణాలకు కాళ్లూనే చోటు కావాలి. ముందు ఎల్-డోపా పూత, దాని మీద కొల్లాజెన్-4 అనే ప్రోటీన్ పూత వేసే పద్ధతి బాగా పనిచేస్తుంది. సముద్రపు ఆల్చిప్పలు రాళ్లను పట్టుకునే జిగురులో ఉండేది ఈ డోపానే. పూత మందమైతే రంధ్రాలు మూసుకుంటాయి కాబట్టి, పూత వేశాక నీళ్ల ప్రవాహం మళ్లీ కొలవండి.

కణాలు ఒకదిక్కే పెరుగుతున్నయి.

కిందికి జారి అక్కడే కూర్చున్నాయి. కణాలు పోశాక పోగును కొంతసేపటికొకసారి పావు చుట్టు తిప్పుతూ ఉండండి.

పొర పూర్తిగ పట్టిందో లేదో ఎట్ల తెలుసుకోవాలె?

మెరిసే రంగు తగిలించిన ఇనులిన్‌ను (ఇన్సులిన్ కాదు, ఇది చక్కెర గొలుసుల అణువు) ఒకవైపు పోసి, రెండోవైపు ఎంత కారిందో చూస్తారు. కణాలు భుజం భుజం కలిపి నిలబడితే చాలా తక్కువ కారుతుంది. కణాలు లేని పోగుతో పోల్చి చెప్పాలి, ఉత్త అంకె చెబితే అర్థం లేదు.

పోగును బోరు నీళ్లతో కడిగి ఆటోక్లేవ్ చేస్తే సరిపోదా?

సరిపోదు. ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల దగ్గర బ్యాక్టీరియా చస్తుంది గానీ దాని గోడ ముక్కలు, అంటే ఎండోటాక్సిన్, అలాగే మిగులుతాయి. అవి రక్తంలో కలిస్తే చలిజ్వరం, కణాలకు తగిలితే మీ ఫలితాలు తారుమారు. చివరి కడుగుడు ఎండోటాక్సిన్ లేని నీళ్లతోనే.

## ఇళ్ల నుంచి వచ్చే ప్రశ్నలు

మా బాపుకు వారానికి మూడుసార్లు డయాలసిస్. ఈ కొత్త కిడ్నీ ఎప్పుడొస్తది సార్?

బాపుకు ఇప్పుడు జరుగుతున్న డయాలసిస్ ఒక్క పూట కూడా తప్పించకండి. ఈ పోగులు ఇంకా ప్రయోగశాలలోనే ఉన్నాయి. ఏ సంవత్సరం వస్తాయని ఎవరైనా గట్టిగా చెబితే నమ్మొద్దు.

వారానికి 168 గంటలు, అందులో డయాలసిస్ 12 గంటలు. కిడ్నీ మాత్రం రాత్రింబవళ్లు పనిచేస్తుంది. రోజుకు 180 లీటర్ల దాకా వడగట్టి, దాదాపు అంతా మళ్లీ వెనక్కి తీసుకుంటుంది. ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తెలిసిన ఆ తెలివి కణాలది. మెంబ్రేన్‌కు ఆ తెలివి లేదు. అందుకే కణాలను పోగు మీద పెంచే ప్రయత్నం.

అమెరికాలో డేవిడ్ హ్యూమ్స్ బృందం మనిషి కిడ్నీ కణాలను హాలో ఫైబర్లలో పెంచి, ఐసీయూ రోగులపై వాడింది. 2008లో వెలువడిన ఫలితాల్లో 58 మంది రోగులున్నారు. 28 రోజుల్లో చనిపోయినవారు పరికరం వాడినవాళ్లలో 33 శాతం, వాడనివాళ్లలో 61 శాతం. ఆశ పుట్టింది, కానీ తర్వాతి ట్రయల్ మధ్యలోనే ఆగింది. లివర్ కోసం ఇలాగే చేసిన ఇలాడ్ అనే పరికరం 2018లో పెద్ద ట్రయల్‌లో నిలవలేకపోయింది. కాబట్టి ఇప్పటికి మార్పిడి ఆపరేషన్ వీలవుతుందేమో మీ డాక్టరును అడగండి, అవయవదాన పథకం జీవన్‌దాన్‌లో పేరు నమోదు గురించి కూడా అక్కడే అడగండి.

మన దగ్గర నీళ్లల్ల ఫ్లోరైడ్ గదా, డయాలసిస్‌కు ఏం కాదా?

చాలా మంచి ప్రశ్న, నాకైతే ఇంటి ప్రశ్న కూడా. ఒక్కో డయాలసిస్‌కు నిమిషానికి 500 మిల్లీలీటర్ల లెక్కన నాలుగు గంటల్లో 120 లీటర్ల ద్రవం రోగి రక్తానికి ఎదురుగా పారుతుంది. వారానికి 360 లీటర్లు. మధ్యలో ఉన్నది సన్నటి పోగు గోడ ఒక్కటే, ఫ్లోరైడ్ దాన్ని రెండు వైపులా దాటగలదు. ఒంట్లో చేరిన ఫ్లోరైడ్‌ను బయటికి పంపాల్సిన కిడ్నీ ఎలాగూ పనిచేయడం లేదు. అందుకే తాగే నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాముల దాకా అనుమతి ఉంటే, డయాలసిస్ నీళ్లలో గరిష్ఠ పరిమితి 0.2 మాత్రమే.

మన జిల్లా పేరుతో ప్రపంచానికి తెలిసిన 'నల్లగొండ టెక్నిక్' ఉంది. నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ తయారుచేసిన ఈ పద్ధతిలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వేసి ఫ్లోరైడ్ తీస్తారు. తాగునీటి కోసం చేసిన పద్ధతి అది. పటికలో అల్యూమినియం ఉంటుంది. డయాలసిస్ నీళ్లలో అల్యూమినియం పరిమితి లీటరుకు 0.01 మిల్లీగ్రామే, ఎక్కువైతే ఎముకలు, మెదడు దెబ్బతింటాయి. బ్లీచింగ్‌లోని క్లోరిన్ కూడా ముందే పోవాలి. అందుకే డయాలసిస్ సెంటర్లలో కార్బన్ ట్యాంకు, ఆర్ఓ రెండూ ఉంటాయి. నీళ్ల పరీక్ష చివరిసారి ఎప్పుడు చేశారని అడిగే హక్కు మీకుంది. అడిగితే విసుక్కున్నా సరే, అడగండి.

నల్లగొండల చదివి ఈ పనిలకు రావొచ్చా?

రావొచ్చు, నేను వచ్చాను. హైదరాబాద్ ఐఐసీటీ అనే రసాయన పరిశోధన సంస్థలో మెంబ్రేన్ల మీద పనిచేసే విభాగం ఉంది. భావనగర్‌లో సీఎస్ఎంసీఆర్ఐ (ఉప్పు, సముద్ర రసాయనాల పరిశోధన సంస్థ), తిరువనంతపురంలో శ్రీచిత్ర వైద్య సంస్థ ఉన్నాయి. ఐఐటీ బాంబేలో జయేశ్ బెల్లారే బృందం పాలీసల్ఫోన్‌లో విటమిన్-ఈ నుంచి వచ్చే టీపీజీఎస్ కలిపి హాలో ఫైబర్లు తీసింది. కెమిస్ట్రీ, బయాలజీ, మెకానికల్, ఏ వైపు నుంచైనా రావచ్చు. పంపు బాగుచేయడం వచ్చినవాళ్లంటే నాకు కొంచెం ఎక్కువ ఇష్టం. వచ్చేటప్పుడు బూట్లు వేసుకుని రండి, చెప్పులతో స్పిన్నింగ్ గదిలోకి రానివ్వం.